విడిభాగముల చరిత్ర – చిన్న పద్దులో ఆటల కంప్యూటరు

భిలాయి టౌన్‌షిప్పులోని తెలుగు ఇండ్లలో పరీక్షలు ముగిసిన వెంటనే వినవచ్చు కోరిక ఒకటి కలదు. వెనుకటి తరము పిల్లలు సైకిలు అడిగిరి. తరువాతివారు మోటారు సైకిలు అడిగిరి. ఇప్పటివారు ఆటలాడుటకు తగిన కంప్యూటరు అడుగుచున్నారు. అదియు ఊరక అడుగుట కాదు. ఏ ప్రాసెసరు, ఏ గ్రాఫిక్సు కార్డు, ఎన్ని గిగాబైట్ల ర్యాము అని జాబితా వ్రాసి తండ్రి చేతికిత్తురు. జాబితా అడుగుననున్న మొత్తమును చూచి తండ్రి కండ్లజోడు సవరించుకొనును. ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షలకు పేరుపడిన ఊరు గనుక చదువు చెడునేమో యను భయమొకటి. ప్రావిడెంటు ఫండు నుండి తీసిన డబ్బు ఆటబొమ్మ పాలగునేమో యను చింత మరియొకటి.

ఆ జాబితాలోని ప్రతి పంక్తికిని ఒక చరిత్ర కలదు. చేతిలో కొద్దిపాటి డబ్బున్నవాడు కంప్యూటరులోని భాగములను వేరువేరుగ ఎంచి, బేరమాడి, కూర్చుకొనగలుగుట సహజముగ వచ్చిన సౌకర్యము కాదు. కొన్ని కంపెనీల తొందరపాటు వలనను, కొన్ని ప్రభుత్వముల నిర్ణయముల వలనను అది సంక్రమించినది. అది ఎట్లు వచ్చినదో తెలిసినవానికి ఎచ్చట డబ్బు పెట్టవలెనో, ఎచ్చట పెట్టరాదో కొంత తేటపడును. నేను బి.ఏ. చదివినవాడను, విద్యుత్ శాస్త్రమున నాకు ప్రవేశము లేదు. ఫైళ్లలో అంచనాలు, మంజూరులు, ఖర్చులు సరిచూచు ఉద్యోగిగను, చరిత్రయం దభిరుచి గలవాడుగను ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

1955 ఫిబ్రవరి 2న భిలాయి ఉక్కు కర్మాగారమునకై సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక కుదిరినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. సరిగా ఆ సంవత్సరములలోనే బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థయందు ఆర్. నరసింహన్ నాయకత్వమున ఒక కంప్యూటరు నిర్మాణమగుచుండెను. 1960లో అది పనికి సిద్ధమయ్యెను. 1962లో ప్రధానమంత్రి నెహ్రూ దానికి టిఫ్రాక్ అని పేరు పెట్టిరి. అందులో సుమారు 2,700 వాక్యూం గొట్టములుండెను. మొదట దాని జ్ఞాపకశక్తి 1,024 పదములు, పదమునకు 40 బిట్లు. అనగా మన లెక్కలో ఐదు కిలోబైట్లు. నేడు పిల్లవాడు కనీసమని అడుగు 16 గిగాబైట్లు దానికి ముప్పదిమూడు లక్షల రెట్లు.

ఆ 1962వ సంవత్సరముననే అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని యువకులు పి.డి.పి.-1 అను కంప్యూటరుపై ‘స్పేస్‌వార్’ అను ఆటను కల్పించిరి. తెరపై రెండు నౌకలు నక్షత్రము చుట్టును తిరుగుచు ఒకదానినొకటి కూల్చుకొను ఆట అది. యంత్రము వెల 1,20,000 డాలర్లు. డాలరు 4 రూపాయల 76 పైసలుగనున్న ఆ దినములలో ఐదు లక్షల డెబ్బదివేల రూపాయలకు పైమాట. ఆటల కంప్యూటరు కొనుటకు పద్దు చాలదనుట ఈనాటి మాట కాదని దీనివలన తెలియుచున్నది.

తెలుగువారికి గర్వకారణమైన ఘట్టము 1967లో వచ్చినది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన డాక్టరు అయ్యగారి సాంబశివరావు నాయకత్వమున హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. స్థాపితమయ్యెను. 1969లో అచ్చటినుండి టి.డి.సి.-12 అను కంప్యూటరు వెలువడినది. హైదరాబాదులోని ఏ.ఎస్. రావు నగర్ ఆయన పేరిటిదే. అయితే ఆ కాలపు యంత్రములన్నింటికిని ఒక లక్షణము సమానము. ఒక కంపెనీ యంత్రములోని పలక మరియొక కంపెనీ యంత్రములో ఇమడదు. కొన్నవాడు జీవితాంతము ఆ కంపెనీకే కట్టుబడియుండవలెను. ఎంచుకొనుటకు ఏమియు లేనప్పుడు పొదుపు అను ప్రశ్నయే పుట్టదు.

ఆ కట్టు తెగినది 1981 ఆగస్టు 12న. ఐ.బి.ఎం. కంపెనీ తన పర్సనల్ కంప్యూటరును ఆ దినమున ప్రకటించెను. పోటీదారులు ముందుకు సాగిపోవుచుండగా సుమారొక సంవత్సరములో యంత్రమును తేవలసిన తొందర వలన, ఆ కంపెనీ ఇంజనీర్లు తమ సొంత భాగములను తయారుచేయుట మాని అంగడిలో దొరకు భాగములను గైకొనిరి. ప్రాసెసరు ఇంటెల్ వారిది. నడిపించు సాఫ్ట్‌వేరు మైక్రోసాఫ్ట్ వారిది. ఇతరులు దానికి తగిన కార్డులు చేయుటకై వలయ చిత్రములతో కూడిన సాంకేతిక గ్రంథమును సైతము అమ్మిరి. యంత్రమును మేల్కొలుపు బయోస్ అను చిన్న ప్రోగ్రాము ఒక్కదానిపై మాత్రము హక్కును తమకడ నుంచుకొనిరి. 1982లో కాంపాక్ అను కొత్త కంపెనీ, ఆ ప్రోగ్రామును చూడని ఉద్యోగుల చేత అదే పనిచేయు మరియొక ప్రోగ్రామును వ్రాయించి, చట్టమునకు చిక్కకుండ బయటపడెను. 1984లో ఫీనిక్స్ కంపెనీ అట్టి ప్రోగ్రామును కోరినవారికెల్ల అమ్మసాగెను. అంతట తైవాను మొదలగు దేశములలో మదర్‌బోర్డులు అప్పడములవలె తయారగుట మొదలిడెను. 1987లో ఐ.బి.ఎం. వారు కొత్త నమూనా తెచ్చి తలుపు మరల మూయజూచిరి గాని, అప్పటికే జనము వీధిలోనికి వచ్చియుండిరి.

మన దేశమున ఆ తలుపు తెరచుటకు మరికొంత కాలము పట్టినది. 1984 నవంబరులో కొత్త కంప్యూటరు విధానము ప్రకటింపబడి దిగుమతులపై నిర్బంధములు సడలినవి. అయినను సుంకములు భారముగనే యుండెను. 1996 డిసెంబరులో సింగపూరు సమావేశమున రూపొందిన సమాచార సాంకేతిక ఒడంబడికలో 1997 మార్చిలో భారతదేశము చేరినది. దాని ఫలితముగ 2005 నాటికి కంప్యూటర్లపైనను, వాని ముఖ్య భాగములపైనను దిగుమతి సుంకము సున్నకు దిగివచ్చెను. ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, బొంబాయిలో లామింగ్టన్ రోడ్డు, మద్రాసులో రిచీ స్ట్రీట్, సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు – ఇవన్నియు ఈ రెండు ఒడంబడికల నడుమ పెరిగిన అంగళ్లు. ‘అసెంబుల్డ్ కంప్యూటరు’ అను మాట తెలుగు ఇండ్లలోనికి వచ్చినది అప్పుడే. కంపెనీ యంత్రము ముద్దుగనుండును, అసెంబుల్డ్ యంత్రము చౌకగనుండును అని ఆ రోజులలో చెప్పుకొనెడివారు. సుంకము పోయినను పన్ను పోలేదు. 2017 జూలై నుండి ఈ భాగములపై 18 శాతము జి.ఎస్.టి. కలదు. అదిగాక వెల డాలర్లలో నిర్ణయమగును. 1990లో సుమారు 17 రూపాయలుండిన డాలరు 2024లో 83 రూపాయలు దాటియుండెను. కావున అమెరికాలో వెల తగ్గినదన్న వార్త చదివి మన పిల్లలు సంతోషించునప్పుడు, సుపేలా అంగడిలోని వర్తకుడు ఆ సంతోషమున పాలుపంచుకొనకపోవుట వింత కాదు.

ఇక ఆటల సంగతి. 1993 డిసెంబరులో వచ్చిన ‘డూమ్’, 1996లో వచ్చిన ‘క్వేక్’ అను ఆటలు కంప్యూటర్ల అమ్మకమునే మార్చివేసినవి. అంతవరకు చిత్రమును గీయు పనియంతయు ప్రాసెసరే చేయవలసియుండెను. 1996లో త్రీడీఎఫ్‌ఎక్స్ కంపెనీ ‘వూడూ’ అను కార్డును తెచ్చి ఆ భారమును వేరుగ మోసెను. 1999లో ఎన్‌విడియా వారు ‘జీఫోర్స్ 256’ను తెచ్చి దానిని జి.పి.యు. అని పిలిచిరి. మరుసటి సంవత్సరము చివర త్రీడీఎఫ్‌ఎక్స్ ఆస్తులను ఎన్‌విడియా కొనివేసెను. ఏ.టి.ఐ. అను మరియొక కంపెనీని 2006లో ఏ.ఎం.డి. కొనెను. ఈనాడు పిల్లల జాబితాలలో కనబడు జీఫోర్స్, రేడియాన్ పేర్ల వెనుకనున్న వంశావళి ఇది. 2022 నుండి ఇంటెల్ కూడ ఆర్క్ అను పేరుతో ఈ పోటీలోనికి దిగినది. మూడవ వర్తకుడు వచ్చిన అంగడిలో బేరము కుదురుట మేలు.

చిన్న పద్దువారి చరిత్రలో చిరస్మరణీయమైన తేది 1998 ఆగస్టు 24. ఆ దినమున ఇంటెల్ విడుదల చేసిన ప్రాసెసర్లలో రెండు ఇవి. 450 మెగాహెర్ట్జుల పెంటియం-2, వెల 669 డాలర్లు; 300 మెగాహెర్ట్జుల సెలరాన్ 300ఏ, వెల 149 డాలర్లు. రెండవది బీదవారికని తలచి చేసినది. అయితే మదర్‌బోర్డుపై బస్ వేగమును 66 నుండి 100కు మార్చినచో, నాలుగున్నర రెట్ల లెక్కన అదియు 450 మెగాహెర్ట్జులతో పరుగెత్తుచుండెను. ఆటలలో తన అన్నగారితో ఇంచుమించు సమానముగ నిలుచుచుండెను. నాటి విద్యార్థులు దీనినొక మంత్రమువలె ఒకరి చెవిలో నొకరు చెప్పుకొనిరి. గ్యారంటీ పోవునన్న హెచ్చరికను ఎవరును లెక్కచేయలేదు. కంపెనీలు తరువాతి కాలమున చౌక ప్రాసెసర్లలో అట్టి ద్వారములను మూసివేసినవి. అయినను వెలపట్టికలో పై అంతస్తున నున్న వస్తువే శ్రేష్ఠము కానక్కరలేదని ఆ చిన్న ముక్క నిరూపించినది.

వేగముకంటె ముఖ్యమైన పాఠము ప్రాసెసరు కూర్చుండు పీటది. 1997 వరకు సాకెట్ 7 అను ఒకే పీటపై ఇంటెల్, ఏ.ఎం.డి., సైరిక్స్ – ఈ మూడు కంపెనీల ప్రాసెసర్లును కూర్చుండెడివి. పెంటియం-2తో ఇంటెల్ తన పీటను వేరుచేసికొనెను. అప్పటినుండి ప్రాసెసరు ఎంచుట యనగా పీటను ఎంచుటయే. పీటను ఎంచుట యనగా రాబోవు ఐదారేండ్ల ఖర్చును ఎంచుటయే. ఏ.ఎం.డి. వారు 2016లో ఏ.ఎం.-4 అను పీటను ప్రవేశపెట్టిరి. 2017లో దానిపై మొదటి రైజెన్ ప్రాసెసరు కొన్నవాడు, బయోస్ మార్పు చేసికొని, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసరును అదే మదర్‌బోర్డుపై కూర్చుండబెట్టగలిగెను. మదర్‌బోర్డు మార్చలేదు, ర్యాము మార్చలేదు. ఆటల కంప్యూటర్ల చరిత్రలో గృహస్థునకు ఇంత మేలుచేసిన పీట మరియొకటి లేదని నా అభిప్రాయము. 2022లో వచ్చిన ఏ.ఎం.-5 పీటకు డి.డి.ఆర్.-5 ర్యామే కావలెను. పాత ర్యాము చేతనున్నవాడు ఈ సంగతి ముందుగ తెలిసికొనుట మంచిది.

అదే కంపెనీ 2018 ఫిబ్రవరిలో రైజెన్ 3 2200జీ అను ప్రాసెసరును 99 డాలర్లకు విడుదల చేసినది. దానిలోనే చిత్రములు గీయు భాగము ఇమిడియుండెను. 2021లో 5600జీ, 2024లో 8600జీ అట్టివే. కార్డు కొనుటకు ఈ సంవత్సరము డబ్బు చాలనివాడు అట్టి ప్రాసెసరుతో ప్రారంభించి, చిన్న ఆటలతో కాలము గడపి, మరుసటి బోనసునకు కార్డు చేర్చుకొనవచ్చును. ఇల్లు కట్టువాడు ముందు రెండు గదులు వేసి, పైకప్పున ఇనుపచువ్వలు నిలిపియుంచుట మనమెరుగనిదా!

కర్మాగారపు ఊరిలో నివసించువారికి భాగముల పొందిక యనునది వేరుగ బోధింపనక్కరలేదు. దల్లీ రాజహరా నుండి ఇనుపరాయి, నందిని నుండి సున్నపురాయి తగినంత రానిచో బ్లాస్టు ఫర్నేసు ఎంత పెద్దదైనను ప్రయోజనము లేదు. ఫర్నేసు కరగించినదానిని ఉక్కుగ మార్చు శాల చిన్నదైనను అంతే. కంప్యూటరులో పిల్లలు తరచుగ కోరునది పేరుగాంచిన పెద్ద ప్రాసెసరు, మిగిలిన డబ్బుతో చిన్న గ్రాఫిక్సు కార్డు. ఆటలకు ఇది తలక్రిందుల ఏర్పాటు. మొదట తేల్చవలసినది మానిటరు. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు గల మానిటరుతోనే అత్యధికులు ఆడుచున్నారు. ఇంటిలో అట్టిది ఉండగా అంతకు నాలుగింతల తెరకు తగిన కార్డు కొనుట దుబారా. మానిటరు తేలిన పిమ్మట కార్డు; నా లెక్కలో మొత్తము పద్దున మూడవ వంతుకు తగ్గకుండ, సగమునకు మించకుండ దానికి కేటాయింపవచ్చును. కార్డును ఆకలితో నుంచనంతటి మధ్యరకపు ప్రాసెసరు చాలును. ర్యాము 16 గిగాబైట్లను ఒకే పలకగ గాక ఎనిమిదేసి గల రెండు పలకలుగ తీసికొనినచో రెండు మార్గముల రాకపోకలు సాగి వేగము పెరుగును. ప్రాసెసరులోనే గ్రాఫిక్సు ఉన్నప్పుడు ఈ తేడా కంటికి కనబడును. కార్డులోని జ్ఞాపకశక్తి విషయమున 2023 తరువాత వచ్చిన కొన్ని పెద్ద ఆటలు 8 గిగాబైట్ల హద్దును దాటుచున్నవని గమనింపవలెను. రంగురంగుల దీపములు, గాజు పలకల క్యాబినెట్టు మొదలగునవి అభ్యంతర పద్దులని నేను కొట్టివేయుదును. తల్లులు ఒక దీపము మంజూరు చేయుదురేమో!

అన్నింటికంటె నిర్లక్ష్యమునకు గురియగునది పవర్ సప్లై. మన వర్తకుల భాషలో ఎస్.ఎం.పి.ఎస్. ఆటలో అది కనబడదు. పిల్లల సంభాషణలో వినబడదు. కావున జాబితా చివర మిగిలిన వేయి రూపాయలు దానికి కేటాయింపబడును. ప్రభుత్వ కొనుగోళ్లలో కనిష్ఠ టెండరు సూత్రము మాకు శిరోధార్యము. ఈ ఒక్క వస్తువు విషయమున మాత్రము ఆ సూత్రమును ఇంటిలోనికి రానీయరాదు. నాసిరకపు సప్లై చెడునప్పుడు ఒంటరిగ చెడదు. తప్పుడు వోల్టేజీ పంపి మదర్‌బోర్డును, కార్డును వెంటబెట్టుకొని పోగలదు. 2004లో ప్రారంభమైన 80 ప్లస్ ముద్ర, సప్లై తాను తీసికొను కరెంటులో కనీసము 80 శాతమును వృథా చేయక అందించునని చెప్పును. అది పొదుపు ముద్రయే గాని రక్షణ ముద్ర కాదు. కనుక ముద్రతోపాటు కంపెనీ ఇచ్చు గ్యారంటీ కాలమును చూడవలెను. తన వస్తువుపై ఐదేండ్లు పూచీపడువాడు సాధారణముగ లోపల రాగిని దొంగిలింపడు. దుర్గ్ జిల్లా మే నెల ఎండ 45 డిగ్రీలను తాకునది. వేడెక్కిన ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. అందుచేత ముందువైపు గాలి లోనికి వచ్చు జాలీ గల సాదా క్యాబినెట్టు మనకు మేలు. దుమ్ము దులుపుటకు తీసి కడుగదగిన వడపోత ఉన్నచో మరియు మేలు.

ఇప్పటికి పదేండ్లుగ ఈ అంగడిని ఆటగాళ్లుగాక ఇతరులు కలచుచున్నారు. 2017–18లోను, మరల 2020 చివరినుండి 2022 వరకును క్రిప్టో నాణెములను త్రవ్వువారు గ్రాఫిక్సు కార్డులను మూటలుగ కొనుక్కొని పోయిరి. రెండవమారు కోవిడ్ వలన కలిగిన కొరత దానికి తోడయ్యెను. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం అను నాణెము తన పద్ధతి మార్చుకొనుటతో ఆ త్రవ్వకము ఆగినది. అలసిన కార్డులు పాతసామాను అంగళ్లలోనికి వరదవలె వచ్చిపడినవి. వానిలో మంచివి లేకపోలేదు. ఫ్యాను శబ్దము విని, అరగంట ఆట నడిపి చూచి, గ్యారంటీ మిగిలియున్నచో మాత్రమే కొనవలెను.

2012లో చిత్రములను గుర్తించు పోటీలో అలెక్స్‌నెట్ అను ప్రోగ్రాము పాతరీతులను చిత్తుగ ఓడించెను. కృత్రిమ మేధ కొత్త యుగమునకు నాందియైన ఆ ప్రోగ్రాము శిక్షణ పొందినది రెండు జీటీఎక్స్ 580 కార్డులపైన. అనగా పిల్లలు ఆటలాడుకొను కార్డులపైన. ఆటల కొరకు కార్డులు కొన్న కుర్రవాండ్ర డబ్బుతో ఆ పరిశ్రమ పెరిగియుండనిచో శాస్త్రజ్ఞులకు అట్టి సాధనము అంత చౌకగ లభించియుండెడిది కాదు. 2016లో ఏర్పడి, 2024 ఫిబ్రవరిలో కుటేలాభాటా ప్రాంగణమున ప్రారంభోత్సవము జరుపుకొనిన మన ఐ.ఐ.టి. భిలాయిలో చేరగోరు కుర్రవాడు ఈ కథ తన తండ్రికి చెప్పుకొనవచ్చును. అయితే ఋణము ఎదురు తిరిగినది. 2025 చివరికి కృత్రిమ మేధ కేంద్రములు జ్ఞాపకశక్తి చిప్పులను ఆబగ కొనుటచే ర్యాము వెలలు ఎగబ్రాకినవి. ఒకప్పుడు జాబితాలో లెక్కకు రాని ర్యాము ఇట్లు ముఖ్య పద్దులలో చేరినది. అట్టి కాలమున పాత యంత్రములోని ర్యామును పారవేయక, దానికి సరిపోవు మదర్‌బోర్డును ఎంచుకొనుట వివేకము.

ఆఫీసులలో తీసివేసిన పాత కంప్యూటర్లను కొని, దానికొక కార్డు తగిలించు పద్ధతియు వాడుకలో నున్నది. ఇందులో రెండు చిక్కులు కలవు. పెద్ద కంపెనీల ఆఫీసు యంత్రములలో పలుమార్లు మదర్‌బోర్డు, పవర్ సప్లై ప్రత్యేకపు ఆకారమున నుండును. 1995లో వచ్చిన ఏ.టి.ఎక్స్. కొలత వానికి వర్తింపదు, టి.డి.సి.-12 నాటి బంధనమే చిన్నరూపమున మిగిలియున్నదన్నమాట. అట్టివానికి ప్రత్యేకపు కరెంటు తీగె అక్కరలేక మదర్‌బోర్డునుండియే 75 వాట్ల లోపున పనిచేయు కార్డులు తగును. 2014లో వచ్చిన జీటీఎక్స్ 750 టీఐ, 2024లో వచ్చిన 6 గిగాబైట్ల ఆర్టీఎక్స్ 3050 అట్టివే. రెండవ చిక్కు సాఫ్ట్‌వేరుది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10నకు సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 మైక్రోసాఫ్ట్ నియమముల ప్రకారము ఇంటెల్ ఎనిమిదవ తరమునకును, రైజెన్ 2000 వరుసకును ముందటి ప్రాసెసర్లలో బహుకొద్ది మినహా తక్కినవానిని అంగీకరింపదు. నాలుగవ తరపు యంత్రము చౌకగ వచ్చుచున్నదని సంబరపడుటకు ముందు ఈ తేదిని తలచుకొనవలెను.

భిలాయిలో దొరకని భాగమును రాయపూరు నుండియో, నాగపూరు నుండియో తెప్పించుకొనువారు కలరు. సెలవులకు స్వస్థలము పోయి సికింద్రాబాదున కొని రైలులో తెచ్చుకొనువారును కలరు. ఎచ్చట కొన్నను ప్రతి భాగపు క్రమసంఖ్యయు బిల్లుపై వ్రాయించుకొనవలెను. అంగడిలోనే కూర్పించి, ఒక గంట నడిపించి చూచి, ప్రయాణమునకు ముందు గ్రాఫిక్సు కార్డును ఊడదీసి దాని పెట్టెలోనే వేరుగ సర్దుకొనవలెను. రైలు కుదుపులకు బరువైన కార్డు వ్రేలాడి మదర్‌బోర్డు గాడిని చీల్చుట కద్దు.